తిరిగి రాని మాట

"ఐదింటికే పోయిన చాచా."

"నిన్న నాకు ఐదున్నర అన్నవు."

"అయితే ఐదున్నర అనుకోండ్రి."

అబ్దుల్ ఖాదర్ పెన్సిలు కింద పెట్టాడు. మూడు రోజుల్లో జాహేదా చెప్పిన నాలుగో టైము అది. మంగళవారం పొద్దున ఎస్సైకి ఐదు అని చెప్పింది. అదే రోజు సీఐకి ఐదుంబావు అంది. నిన్న బుధవారం తనకు ఐదున్నర. ఇవాళ మళ్లీ ఐదు.

గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసు గోడ గడియారంలో రెండుంబావు. నాలుగింటికి జీపు వస్తుందని సీఐ కబురు పంపాడు. వస్తే ఈ ఆఫీసులో కంప్యూటర్ పని చేసే జాహేదాను హత్యానేరం కింద నల్లగొండకు తీసుకుపోతారు. రేపు కోర్టులో నిలబెడతారు. ఆమె తల్లి రబియా పొద్దున ఎనిమిదింటి నుంచి గేటు బయట రాతి దిమ్మె మీద కూర్చొని ఉంది. ఖాదర్‌ను ఈ కేసులోకి తెచ్చింది ఆమే.

ఖాదర్ ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ల శాఖలో పని చేశాడు. ఫోన్ ఇన్‌స్పెక్టర్‌గా ఉండగా రాజీనామా ఇచ్చాడు. రెండేళ్ల కింద నల్లగొండలో టైర్ల దుకాణం పైన గది కిరాయికి తీసుకొని డిటెక్టివ్ బోర్డు పెట్టాడు. ఇప్పటి వరకు వచ్చినవన్నీ పెళ్లిసంబంధాల వాకబులే. హత్య ఇదే మొదటిది. ఇందులో పోలీసుల కంటే, హంతకుడి కంటే ఎక్కువగా అతన్ని సతాయిస్తున్నది నిర్దోషి అని తను నమ్మిన ఈ పిల్లే.

"బేటీ, ఈ కాగితం చూడు." జేబులోంచి మడతపెట్టిన షీటు తీశాడు. "ఎక్స్ఛేంజిల నా దోస్తు ఇచ్చిండు. సోమవారం మీ ఆఫీసు లైను మీదికెళ్లి హైదరాబాద్ నెట్ నంబరుకు కాల్ పోయింది. మొదలైంది ఐదు ఇరవై ఒకటికి. ఆగింది ఐదు యాభై రెండుకు. నెట్ కలిపే పాస్‌వర్డ్ ఈ ఆఫీసుల ఎవ్వరికి తెలుసు?"

జాహేదా చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"నాకే."

"మరి ఐదింటికి పోయినదానివి ఐదు ఇరవై ఒకటికి నెట్ ఎట్ల కలిపినవు?"

"మా ఓనరమ్మ చెప్పొద్దన్నది చాచా."

"ఏం చెప్పొద్దన్నది?"

"సోమవారం నెట్ మీద మాట్లాడినమని చెప్పొద్దన్నది. మాట్లాడలేదంటే నేను కలపలేదనాలె. కలపలేదంటే అంతకు ముందే పోయిన అనాలె." ఆమె చున్నీ కొస వదిలేసింది. "లింగన్నకు నెట్ కలిపిచ్చి, ఇయర్‌ఫోన్లు తలకు పెట్టి, ఐదు నలభైకి బయటికొచ్చిన. నల్లగొండ బస్సెక్కిన. గదే నిజం."

ఖాదర్ ఆ టైము రాసుకొని కింద గీత గీశాడు. నాలుగు అబద్ధాల తర్వాత చెప్పిన నిజాన్ని సీఐ నమ్మడు. ఎవరూ నమ్మరు.

లింగస్వామి నవశిల గ్రానైట్స్‌లో యార్డు సూపర్‌వైజర్. నార్కట్‌పల్లి దాటాక హైవే పక్కన ఉంది ఆ ఫ్యాక్టరీ. పాలిష్ అయిన నమూనా రాయిని రోజూ సాయంత్రం కంప్యూటర్ మీది కెమెరా ముందు పెట్టి, దుబాయ్ ఆఫీసులో ఉండే ఖాసింకు చూపించి, లోడింగు సంగతి చెప్పడం అతని పని. పదిహేనో తారీఖు సోమవారం కూడా అదే చేశాడు. మంగళవారం పొద్దున ఏడింటికి ఆఫీసు వెనక గుడౌనులో తల పగిలి కనిపించాడు. పక్కన గడ్డపార పడి ఉంది. సోమవారం సాయంత్రం ఐదుకు, ఏడుకు మధ్య ప్రాణం పోయిందని డాక్టర్ రాశాడు. ఆ టైములో ఆఫీసులో ఉన్నట్టు తేలింది జాహేదా ఒక్కతే.

*

ఫ్యాక్టరీలో అందరూ అమ్మ అని పిలిచే యజమానురాలు నిర్మలమ్మ తన గదిలో ఫైలు ముందేసుకొని కూర్చుంది. భర్త చనిపోయాక ఆరేళ్లుగా ఫ్యాక్టరీ ఆమే నడుపుతోంది. ఖాదర్ కూర్చోకుండానే అడిగాడు.

"ఖాసిం అడ్రసు నిన్న రెండుసార్లు అడిగిన అమ్మా. మీరియ్యలేదు. ఇప్పుడు మూడోసారి."

"ఖాసింకు దీంతోటి ఏం సంబంధం?"

"చనిపోయే ముందు లింగస్వామి మాట్లాడింది ఆయనతోనే."

"మాట్లాడిండని మీరంటున్నరు. నేనైతే అనలేదు."

"కంప్యూటర్ల దొరికిన రికార్డింగు అంటాంది. అండ్ల మాటలు సీఐ టేబుల్ మీద కాగితంల ఉన్నయి."

నిర్మలమ్మ ఫైలు మూసింది. "మీరు ఫోన్ల శాఖల చేసినోళ్లు. నెట్ మీద మాట పంపుడు గవర్నమెంటు ఒప్పుకోదని మీకు తెల్వదా? నేనే ఒప్పుకొని కాగితం మీద పెడితే రేపు గేటుకు తాళం పడుతది. ఎనభై మంది కూలోళ్లున్నరు నాకు. సీఐ సారును బతిమాలిన, ఆ కాల్ జోలికి పోవద్దని. ఆయన సరే అన్నడు."

"అంటే సీఐ ఖాసింను అడగలేదు."

"లేదు. ఖాసింకు కూడ నేనే చెప్పిన, నోరిప్పకని."

ఖాదర్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఇసుక పిండి నూనె తీయొచ్చు గానీ ఈ ఫ్యాక్టరీలో ఒక నిజం తీయడం వశం కావడం లేదు. హంతకుడు ఒక్క అబద్ధమే ఆడి ఉంటాడు. మిగతావన్నీ వీళ్లే అతని తరఫున ఆడిపెట్టారు.

"అమ్మా, మీ గేటుకు తాళం పడొద్దని ఆ పిల్ల జైలు తాళం ఎనక కూసోవాల్నా? మీరు చెప్పమన్న అబద్ధానికే ఆమె ఇరుక్కున్నది. మీరు గట్ల చెప్పకుంటే ఫస్టు రోజే ఐదు నలభై అనేది. బస్సు కండక్టర్‌ను అడిగితే తేలిపోతుండె, ఇప్పుడు ఆయనకేం యాదుంటది?"

నిర్మలమ్మ పెన్ను మూత తీసింది. డైరీలోంచి చీటీ చింపి రాసిచ్చింది. అది ఫోన్ నంబరు కాదు, నెట్‌లో ఖాసిం పేరు.

"ఫోన్ చేస్తే ఎత్తడు. నేనే ఎత్తొద్దన్న. నెట్‌ల పిలిస్తే పలుకుతడు."

*

కంప్యూటర్ గదిలో అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. హరనాథ్. హైదరాబాద్‌లో కంప్యూటర్ల కంపెనీ నడుపుతాడు. ఊరు తెనాలి దగ్గర. మే నెలలో ఈ ఆఫీసులో నెట్ ఫోను, కెమెరా పెట్టింది అతనే. నెలకోసారి వచ్చి చూసిపోతాడు. హత్య జరిగాక కంప్యూటర్ తెరవడానికి పోలీసులకు మనిషి కావలసి వస్తే నిర్మలమ్మ అతన్నే పిలిపించింది. మంగళవారం మధ్యాహ్నం కానిస్టేబుల్ ముందు కంప్యూటర్ తెరిచాడు. తెర మీదే ఒక రికార్డింగు కనిపించింది. అక్కడే వినిపించాడు. అందులోని మాటలు కాగితం మీద టైపు చేసి సీఐకి ఇచ్చాడు.

హరనాథ్ నడుముకు సెల్‌ఫోన్ ఉంది. సిగ్నల్ అందని నార్కట్‌పల్లిలో అది టైము చూసుకోవడానికి తప్ప పనికిరాదు.

"రండి లైన్‌మన్ గారూ. ఇంకా తిరుగుతున్నారా?"

"లైన్‌మన్‌ను కాదు సార్, ఫోన్ ఇన్‌స్పెక్టర్‌ను. ఆ రికార్డింగు ఒకసారి పెట్టున్రి."

"టైపు చేసిన కాగితం ఉంది కదండీ. చదువుకోలేరా?"

"చదివిన. ఇప్పుడు ఇంట."

హరనాథ్ భుజాలెగరేసి మౌస్ కదిపాడు. ఆర్డర్లు మరిచిపోకుండా మాటలు రికార్డు చేసుకునే బటన్ ఆ ప్రోగ్రాంలో ఉంది. లింగస్వామి దాన్ని ఆలస్యంగా నొక్కాడు. మొత్తం యాభై సెకన్లు.

"ఆఁ ఖాసిం, నువ్వన్నది నిజమే. నేను కండ్లార చూసిన," అంది చనిపోయిన మనిషి గొంతు. రెండు సెకన్లు ఆగి అవే మాటలు సన్నగా, బావిలోంచి వచ్చినట్టు మళ్లీ వినిపించాయి.

"ఎన్నున్నయి?" అవతలి గొంతు.

"తొమ్మిది." మళ్లీ రెండు సెకన్లు. "తొమ్మిది."

ఆ తర్వాత టక్కుమని ఒక చప్పుడు. కొద్దిసేపు ఏమీ లేదు. తర్వాత లింగస్వామి గొంతు, ఈసారి మైకుకు కొంచెం దూరంగా.

"జర ఆగున్రి. అమ్మకు ఎల్లి చెప్త."

అంతే. అయిపోయింది.

"మళ్ల పెట్టున్రి."

మూడుసార్లు విన్నాడు. హరనాథ్ టీ కప్పు అందుకొని కుర్చీలో వెనక్కి వాలాడు.

"స్పష్టంగానే ఉంది కదండీ. తొమ్మిది పలకలు మాయమయ్యాయి. ఆ అమ్మాయి లెక్క మార్చింది. ఈయన చూశాడు. 'కొంచెం ఆగు, అమ్మకు వెళ్ళి చెప్తా' అన్నాడు. లేచాడు. ఆ అమ్మాయి వెంటపడింది. వెళ్ళి చెప్తానన్న మనిషి ఇంకో అయిదు నిమిషాలు కూడా బతికి ఉండడు. ఉంటే వెళ్ళి చెప్పేసేవాడు."

"మీరు టైపు చేసిన కాగితంల తప్పులున్నయి."

"స్పెల్లింగా?"

"ఆయన మాట అవతలికి పోయి తిరిగొస్తాంది, ఇన్నరా? ఖాసిం ఇయర్‌ఫోన్లు పెట్టుకోడు, స్పీకర్ల మీద ఇంటడు. స్పీకర్ల మాట ఆయన మైకుల పడి మళ్ల ఇక్కడికొస్తది. ప్రతి మాటా గట్లనే వచ్చింది. ఆఖరి మాట రాలేదు."

హరనాథ్ ఒక గుక్క టీ తాగాడు.

"ఎందుకు రాలేదంటే అప్పటికే నెట్ తెగింది. ఆ టక్కుమన్నది ఫోన్ వైరు ఊడబీకిన చప్పుడు. ఇరవై ఆరేండ్లు ఇన్న చప్పుడది. కంప్యూటర్ మాత్రం నెట్ పోయిందని తెలిసేదాక రికార్డు చేసుకుంట పోయింది. అంటే ఆఖరి మాట ఖాసింతోటి అన్నది కాదు. ఈ గదిల నిలబడ్డ మనిషితోటి అన్నది."

"నేను చెప్పేదీ అదే. ఆ అమ్మాయితో."

"జాహేదాను లింగస్వామి బిడ్డా అంటడు. 'ఆగు బిడ్డా' అంటడు. ఇక్కడ 'ఆగున్రి' అన్నడు. మీరు 'ఆగు' అని కొట్టిన్రు. 'రి' ఎటు పోయింది సార్? మా దిక్కు సూపర్‌వైజర్ ఆఫీసు పిల్లకు 'రి' పెట్టడు. పెద్ద సారుకు పెడుతడు. అమ్మకు చెప్త అంటున్నడు గనుక ఆ మనిషి నిర్మలమ్మ గూడ కాదు."

"ఒక అక్షరం మీద కేసు కట్టేస్తారా?"

"ఇంకో మాట ఉన్నది. 'వెళ్ళి చెప్తా' అని రాసిన్రు. ఆయన అట్ల అనలేదు. 'ఎల్లి' అన్నడు."

"రెండూ ఒకటే కదండీ. మీవాళ్లు 'వ' మింగేస్తారు."

"పోయేదుంటే మావోళ్లు 'పోయి చెప్త' అంటరు. ఎల్లి అంటే పోవుడు కాదు సార్. ఎల్లి అంటే రేపు."

హరనాథ్ చేతిలోని కప్పు నోటి దగ్గరే ఆగింది.

"రేపా?"

"రేపు. ఆ రోజు ఆయన ఎక్కడికీ పోతలేడు. ఎవరికీ చెప్తలేడు. తెల్లారినంక చెప్త అంటున్నడు."

"రేపా?" హరనాథ్ మళ్లీ అడిగాడు. ఖాదర్‌ను అడిగినట్టు లేదు. తర్వాత కప్పు బల్ల మీద పెట్టాడు. కొంచెం టీ ఒలికింది. "రేపైతే ఏంటి? ఆ అమ్మాయి ఆ రోజే చంపకూడదని రూలేమైనా ఉందా? నాలుగింటికి సీఐ వస్తాడు. ఈ నిఘంటువు ఆయనకి చెప్పండి."

లేచి వెళ్లిపోయాడు. పట్నం మనిషి పల్లె మాట దగ్గర ఓడిపోయాడనుకున్నాడు ఖాదర్. అంతకు మించి ఆలోచించలేదు. టైము రెండు నలభై.

*

గుడౌను తాళం నిర్మలమ్మ ఇచ్చింది. పోలీసులు రెండు రోజుల కిందే చూసి వదిలేసిన జాగా. రక్తం పడిన చోట సున్నం చల్లారు. పగిలిన పలకలు, చెక్కపెట్టెలు ఉన్నాయి. అన్నిటి మీదా రాతి పొడి. పక్క షెడ్డులో పాలిషింగు మిషన్లు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నడుస్తాయి. అవి నడిచినంతసేపూ పొడి పడుతూనే ఉంటుంది. సోమవారం ఆరింటికి ఆగిన మిషన్లు, పొద్దున్నే శవం దొరకడంతో, మళ్లీ నడవలేదు.

పోలీసులు నేల చూశారు. ఖాదర్ గోడ చూశాడు. అది పాత అలవాటు. ఏ గదిలోకి పోయినా వైరు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాడు.

చెక్కపెట్టెల వెనక, మోకాలి ఎత్తున, గోడకు ఒక చెక్క బిగించి ఉంది. దాని మీద పొడి మందంగా ఉంది. మధ్యలో మాత్రం పొడి లేని చతురస్రాలు, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దవి, వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి రెండు మేకుల రంధ్రాలు. ఫోన్ వైరు వచ్చి కలిసే డబ్బాలు బిగించే కొలత అది. లెక్కపెట్టాడు.

తొమ్మిది.

పలకలు కావు. లైన్లు.

కింద మూలలో గోడలోంచి నల్ల కేబుల్ వేలెడు బయటికి వచ్చి ఉంది. ఎవరో దాన్ని కత్తితో కోశారు. లైన్‌మన్ కోత కాదు, వంకరగా ఉంది. లోపలి రాగి మెరుస్తోంది. కేబుల్‌లో నీరు దిగకుండా నింపే జిగురు బయటికి కారి ఉంది. ఖాదర్ దాన్ని వేలితో తాకి చూశాడు. జిగురు మీద ఒక్క రవ్వ రాతి పొడి లేదు. అంటే సోమవారం ఆరు గంటలకు మిషన్లు ఆగిన తర్వాతే కోశారు.

ఆఫీసుకు ఉన్నది ఒకే ఒక ఫోన్ లైను. ఇక్కడ ఇంకా తొమ్మిది ఉండేవి. లింగస్వామి చూసింది ఇదే.

పరుగులాంటి నడకతో ఆఫీసుకు వచ్చాడు.

"బేటీ, కొత్త ఫోన్ల కోసం ఫారాలు ఎవరన్న నింపిచ్చిన్రా నీతోటి?"

జాహేదా తలెత్తింది. "జూన్ల నింపిన. తొమ్మిది. యార్డుల పనిచేసే పెద్దులు, గోవిందమ్మ, గసోంటోళ్ల పేర్ల మీద."

"ఎవరు నింపమన్నరు?"

"హరనాథ్ సారు. అమ్మ చెప్పిందన్నడు."

గుమ్మంలో నిలబడ్డ నిర్మలమ్మ ఒక్క అడుగు లోపలికి వేసింది. "నేనా? నేనెప్పుడు చెప్పిన?"

"మీరే చెప్పిన్రన్నడమ్మా! నా రాతల ఉన్నయి ఆ ఫారాలు. నన్నే పట్టుకుంటరని ఇన్నొద్దులు నోరు మెదపలే."

నిర్మలమ్మ వెనకే హరనాథ్ కనిపించాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. మొహంలో మార్పు లేదు.

"హత్య కేసులో ఉన్న మనిషి ఎవరి పేరైనా చెప్తుంది మేడం. ఫారాల మీద నా సంతకం ఉందా? చేతిరాత ఆమెదే కదా." ఖాదర్ వైపు తిరిగాడు. "సోమవారం నేను హైదరాబాద్‌లో ఉన్నా. రాత్రి ఎనిమిదిన్నర దాకా మా షాపు వదల్లేదు. మా స్టాఫ్‌ను అడగండి. అంతకు పది రోజుల ముందు ఈ ఊరు వచ్చాను, మళ్లీ మంగళవారమే వచ్చాను."

స్టాఫ్ అతని జీతగాళ్లు. ఏం చెప్పమంటే అది చెబుతారు. కానీ కోర్టులో ఆ మాటకు విలువ ఉంటుంది, జాహేదా మాటకు ఉండదు. అది హరనాథ్‌కూ తెలుసు. నవ్వి బయటికి పోయాడు.

టైము మూడు పది.

*

నెట్ కలపడం జాహేదా చేతే చేయించాడు. మూడు పన్నెండుకు మొదటిసారి డయల్ చేశారు. ఎంగేజ్. మూడు పద్దెనిమిదికి రెండోసారి. మోడెం కీచుకీచుమని అరిచి చల్లారింది. ఖాదర్ బల్ల మీద గుద్దాడు. మూడు ఇరవై ఆరుకు కలిసింది. ఇయర్‌ఫోన్లు ఎలా పెట్టుకోవాలో, ఏది నొక్కాలో చూపించి, అమ్మీకి ఒక మాట చెప్పొస్తానని జాహేదా గేటు దగ్గరికి వెళ్లింది.

"హలో ఖాసిం భాయ్, నేను నల్లగొండ నుంచి అబ్దుల్ ఖాదర్."

రెండు సెకన్లు. తన గొంతే తనకు తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఇంకో గొంతు.

"అమ్మ మాట్లాడొద్దన్నది సాబ్."

"అమ్మే నీ పేరు రాసిచ్చింది. నాకు టైం లేదు. లింగస్వామిని ఏం చూడమన్నవు?"

మాట పోయి మాట రావడానికి పట్టే టైము ఖాదర్ ఓపికను తినేస్తోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే రెండూ పోతున్నాయి. ఖాసిం చెప్పింది ముక్కలు ముక్కలుగా అందింది. దుబాయ్‌లో ఒక గది ఉంది. నల్లగొండకు, పాలమూరుకు సగం రేటుకే ఫోన్ కలుపుతారు. మాట నెట్ మీద వచ్చి, ఇక్కడ ఒక మిషన్లో దిగి, మామూలు ఫోన్ లైన్ల మీద ఇళ్లకు పోతుంది. ఆ మిషన్ నార్కట్‌పల్లిలో ఒక రాళ్ల కంపెనీలో ఉందని గదిలో పనిచేసేవాడు గొప్పకు వాగాడు. నార్కట్‌పల్లి అన్న మాట వినగానే ఖాసింకు అనుమానం వచ్చి లింగస్వామికి చెప్పాడు.

"లింగన్న తొమ్మిదున్నయి అన్నడు. గప్పుడే లైను పోయింది సాబ్. మళ్ల కలుస్తదేమోనని గంట సేపు కూసున్న."

"లింగస్వామి ఎనక ఎవరన్న కనబడ్డరా? కెమెరాల?"

రెండు సెకన్లు. నాలుగు.

"ఎవరో ఆఫీసాయన వచ్చి నిలబడ్డడు. నాకు ఎరుక లేడు. బొమ్మ ఉంది కద సాబ్."

"ఏం బొమ్మ?"

"కెమెరా బొమ్మలు అన్నీ ఈడ ఒక ఫోల్డర్ల పడుతయి, వాటంతట అవే. ఆఖరిది సూడాల్నా? నాలుగు ఇరవై ఒకటికి వచ్చింది."

దుబాయ్‌లో నాలుగు ఇరవై ఒకటి అంటే ఇక్కడ ఐదు యాభై ఒకటి. ఎక్స్ఛేంజి కాగితం ప్రకారం లైను తెగడానికి ఒక్క నిమిషం ముందు.

"పంపు. ఇప్పుడే పంపు."

మూడు ముప్పై నాలుగుకు బొమ్మ రావడం మొదలైంది. తెర మీద పై నుంచి ఒక్కో గీత దిగుతోంది. ముందు గోడ. తర్వాత క్యాలెండర్ మేకు. రెండు నిమిషాలకు క్యాలెండర్. అక్కడ ఆగింది. ఖాదర్ మౌస్ ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెగితే మళ్లీ కలుస్తుందన్న నమ్మకం లేదు. మూడు నలభైకి మళ్లీ కదిలింది. గుమ్మం పైచట్రం. గుమ్మంలో జుట్టు. నుదురు.

బయట కారు స్టార్టయిన చప్పుడు వచ్చింది. ఖాదర్ తల తిప్పలేదు.

కళ్లు. ముక్కు. చొక్కా కాలరు. తర్వాత ముందు భాగంలో లింగస్వామి తల, చెవుల మీద ఇయర్‌ఫోన్లు. కెమెరా వైపు చూస్తున్నాడు. తన వెనక గుమ్మంలో మనిషి ఉన్నట్టు ఇంకా తెలియదు. చివరి గీతల్లో ఆ మనిషి నడుము, నడుముకు సెల్‌ఫోన్.

సోమవారం హైదరాబాద్ వదలని హరనాథ్.

ఖాదర్‌కు అప్పుడు అర్థమైంది. 'ఎల్లి చెప్త' అన్నప్పుడు ఆ గుమ్మంలో నిలబడి విన్నవాడు కృష్ణా దాటి వచ్చినవాడు. ఇప్పుడే పోయి చెప్తాడని భయపడ్డాడు. తెల్లారేదాకా గడువు ఉందని తెలిసి ఉంటే తొమ్మిది లైన్లూ పీక్కొని పోయేవాడేమో. గడ్డపార ఎత్తేవాడు కాదేమో. ఆ సంగతి ఇవాళ తనే అతనికి చెప్పాడు. దాంతో పాటు, ఆ ఫారాలు ఎవరు నింపమన్నారో చెప్పగల ఒకే ఒక మనిషి జాహేదా అని కూడా అతను విన్నాడు. ఆమె లేకపోతే మిగిలేది ఆమె చేతిరాతే. తప్పు చేసి పారిపోయిందంటారు, లేదంటే చచ్చిందంటారు. ఫైలు మూసేస్తారు.

"ఆ బొమ్మ జాగ్రత్త, ఖాసిం. ఎవరడిగినా ఇయ్యకు," అని ఇయర్‌ఫోన్లు తీసి వరండాలోకి వచ్చాడు. కారు లేదు. నిర్మలమ్మ మెట్ల మీద నిలబడి ఉంది.

"జాహేదా ఏది?"

"హరనాథ్ తోలుకపోయిండు. జీపు ఖరాబైందట. తొందరగ మీ కార్లనే తెమ్మని సీఐ సారు ఫోన్ చేసిండట."

"ఏ ఫోన్‌కు?"

"మన ఆఫీసు ఫోన్‌కే, ఇంకేడికి..." నిర్మలమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. కిటికీలోంచి లోపలి కంప్యూటర్ కనిపిస్తోంది. మూడు ఇరవై ఆరు నుంచి ఆ ఒక్క లైను మీద నెట్ నడుస్తోంది. దాని మీదికి ఇంకో కాల్ రావడానికి దారి లేదు.

ఖాదర్ గేటు వైపు పరుగెత్తాడు. రబియా రాతి దిమ్మె మీంచి లేచి రోడ్డు మీదికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకొని దూరంగా చూస్తోంది.

"భాయ్, నన్ను ఎక్కనియ్యలే ఆయన. నా బిడ్డను ఒక్కదాన్నే కూసోబెట్టుకున్నడు." ఆమె కుడిచెయ్యి ఎత్తి చూపించింది. "నల్లగొండకు గిట్ల కద పోవాలె? మరి బండి ఎవ్వరుండని పాత క్వారీ తొవ్వకెందుకు మళ్లింది?"